పెరట్లో స్విమ్మింగ్ పూల్: ఇప్పుడే కట్టించాలా, పిల్లలు ఎదిగేదాకా ఆగాలా?

ప్రశ్న: మాది విజయవాడ దగ్గర పోరంకి. 400 గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నాం, స్లాబు పడింది. బాబుకి ఐదేళ్ళు, పాపకి రెండున్నర. ఇంటి పక్కన మిగిలిన జాగాలో 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతుతో స్విమ్మింగ్ పూల్ కట్టించాలని మావారి పట్టుదల. ఎండాకాలమంతా పిల్లలు ఫోన్లు పట్టుకుని ఏసీ గదిలోంచి కదలడం లేదని, పూల్ ఉంటే ఆ బాధ తీరుతుందని అంటారు. ఆయన తెనాలి దగ్గర పల్లెలో పెరిగారు, కాలవలోనే ఈత నేర్చుకున్నారు. మా అత్తగారేమో 'పసిపిల్లలున్న ఇంట్లో గుంట తవ్వుతార్రా' అని ఒకటే గోల. కాంట్రాక్టర్ 12 లక్షలు చెప్పాడు. ప్లాన్ కూడా పంపుతున్నాను. నాకు ఆశా ఉంది, భయమూ ఉంది. పోనీ ముందు రెండడుగుల ప్లాస్టిక్ పూల్ కొని సరిపెట్టుకోవచ్చా? (ఒక పాఠకురాలు)

సమాధానం: నా మాట ముందే చెప్పేస్తాను. ఇప్పుడు వద్దు. పాపకి ఆరేడేళ్ళు వచ్చి, పిల్లలిద్దరికీ ఈత బాగా వచ్చాక మళ్ళీ కూర్చుని ఆలోచించండి. జాగా ఎక్కడికీ పోదు. ఆ పక్క పని ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి ఇప్పుడు ఆపితే నష్టం కూడా లేదు.

పూల్ అంటే నాకేమీ కోపం లేదు. మే నెల బెజవాడ ఎండ తెలిసినవాళ్ళెవరూ నీళ్ళలో దిగుతానన్న పిల్లాణ్ణి తప్పుపట్టరు. మీరు పంపిన ప్లాన్ చూశాకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ కాగితం మీరూ ఒకసారి తీసి చూడండి. హాలుకి ఈశాన్యం మూల ఎనిమిది అడుగుల స్లైడింగ్ గ్లాసు తలుపు. తలుపు దాటగానే నాలుగడుగుల టైల్స్ దారి. ఆ తర్వాత నీళ్ళే. కాంట్రాక్టర్ మూడు వైపులా స్టీలు రెయిలింగ్ గీసి, నాలుగో వైపు వదిలేశాడు. అటు ఎలాగూ హాలు గోడ ఉంది కదా అని. (ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిదని ఎవరో వాస్తు చెప్పి ఉంటారు. చెప్పినాయన ఇంట్లో నడక నేర్చే పిల్లలు ఉన్నారో లేదో!) సోఫాలో కూర్చుని కాఫీ తాగుతుంటే నీళ్ళు మెరుస్తూ కనబడాలని మీవారి ఉద్దేశం కావచ్చు. మీకు కనబడే నీళ్ళు పాపకీ కనబడతాయి. రోజంతా కనబడతాయి. ఆ తలుపు రోజుకి ఎన్నిసార్లు తీస్తారో ఊహించుకోండి. తడి బట్టలు ఆరేయడానికి ఒకసారి, సాయంత్రం గాలికి ఒకసారి, పనమ్మాయి బయట తుడవడానికి ఒకసారి. గొళ్ళెం వెయ్యని స్లైడింగ్ తలుపుని పక్కకి తోయడం రెండున్నరేళ్ళ పిల్లకి పెద్ద పనేమీ కాదు. సందు దొరికితే భుజం పెట్టి తోసేస్తారు.

పూల్ అనగానే మనం ఊహించుకునేది ఒకటి: ఆదివారం సాయంత్రం, నాన్న నీళ్ళలో, పిల్లలు నాన్న మెడ మీద, అమ్మ గట్టు మీద తువ్వాలుతో. ఆ గంటలో ప్రమాదం జరిగే అవకాశం తక్కువే, అందరి కళ్ళూ పిల్లల మీదే ఉంటాయి కనుక. చిన్నపిల్లలు ఇంటి పూల్‌లో పడిపోయేది ఎక్కువగా ఈత టైములో కాదు, వాళ్ళు నీళ్ళ దగ్గర ఉన్నారని ఎవరూ అనుకోని టైములో. బుధవారం పదకొండు గంటలకి. కుక్కర్ మూడో విజిల్ వేస్తుంటుంది, గేటు దగ్గర కొరియర్ అబ్బాయి ఓటీపీ చెప్పమంటుంటాడు, అత్తగారు స్నానానికి వెళ్ళి ఉంటారు. పాప ఇప్పుడే కదా ఇక్కడ బొమ్మలు పెట్టుకుని ఆడుకుంటోంది అనుకుంటాం. చుట్టాలొచ్చిన రోజు ఇంకా ప్రమాదం. సంక్రాంతికి పాతికమంది ఉన్న ఇంట్లో ప్రతివాళ్ళూ పాప ఇంకొకరి దగ్గర ఉందనుకుంటారు.

సినిమాల్లో మునిగిపోయేవాళ్ళు చేతులు పైకెత్తి 'కాపాడండి' అని అరుస్తారు. నిజంగా మునుగుతున్న పసిపిల్ల అరవదు. నోరు నీళ్ళ కిందే ఉంటే అరుపు ఎలా వస్తుంది? పెద్దగా చప్పుడు కూడా రాదు, పక్కగదిలో టీవీ ఉంటే అసలు వినబడదు. ఆ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. ముందుకి వంగితే తలకిందులుగా పడతారు, మళ్ళీ తమంతట తాము లేవలేరు. అందుకే బకెట్లో ఉన్న జానెడు నీళ్ళు కూడా ప్రాణం తీస్తాయి. ఊపిరి ఆడకుండా నాలుగు నుంచి ఆరు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పిల్ల బతికినా మునుపటిలా ఉంటుందన్న నమ్మకం ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోతే, వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళ లోపు పిల్లలే. మీ పాప సరిగ్గా ఆ వయసులో ఉంది.

ఇక మీవారి మాట. దాన్ని తీసిపారేయకండి. కృష్ణా డెల్టాలో కాలవ పక్కన పెరిగినవాళ్ళకి నీళ్ళంటే జంకు ఉండదు, పిల్లలకీ ఆ ధైర్యం రావాలనుకోవడంలో తప్పు లేదు. అయితే ఆయన్ని రెండు ప్రశ్నలు అడగండి. కాలవలోకి మొదటిసారి దిగినప్పుడు ఆయనకి ఎన్నేళ్ళు? పక్కన ఎవరున్నారు? నడుముకి ఎండు సొరకాయ బుర్రో, లారీ ట్యూబో కట్టి, బాబాయో పెద్దన్నో గడ్డం కింద చెయ్యి పెట్టి నేర్పించి ఉంటారు. రెండున్నరేళ్ళ పిల్లని ఒంటరిగా రేవులో వదిలిన ఇల్లు ఆ ఊళ్ళో ఉండి ఉండదు. కాలవలో పోయిన పిల్లలెవరైనా ఉన్నారా అని కూడా అడగండి. ఆ వైపు పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఒక పేరైనా గుర్తుంటుంది.

ఇంతా చెప్పాక కూడా కట్టించాల్సిందే అని ఆయన పట్టుబడితే, ఒక షరతు పెట్టండి. నాలుగు వైపులా కంచె. మూడు కాదు, నాలుగు. ఇంటికీ నీళ్ళకీ మధ్య కూడా కంచె ఉండాలి, ఇంటి గోడని నాలుగో వైపుగా లెక్కపెట్టకూడదు. పరిశోధకులు ఈ తేడాని లెక్కగట్టారు. స్థలం హద్దుల వెంట మూడు వైపులా మాత్రమే ఉన్న కంచెతో పోలిస్తే, పూల్ చుట్టూ నాలుగు వైపులా ఉన్న కంచె వల్ల పిల్లలు మునిగిపోయే ముప్పు 83 శాతం తగ్గుతుంది. మన దగ్గర కాంట్రాక్టర్లకి ఇది చెప్పండి, 'వ్యూ పోతుంది మేడమ్' అంటారు. పోనివ్వండి.

ఆ కంచె కూడా అందానికి వేసేది కాకూడదు. ఎత్తు కనీసం నాలుగడుగులు. కమ్మీలు నిలువుగా ఉండాలి, అడ్డంగా ఉంటే మెట్లెక్కినట్టు ఎక్కేస్తారు. కమ్మీకీ కమ్మీకీ మధ్య నాలుగంగుళాల కంటే తక్కువే సందు. గేటు పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, వదలగానే స్ప్రింగుతో తనంతట తనే మూసుకుని గడి పడాలి, ఆ గడి పిల్లల చేతికి అందని ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర ఉండాలి. కంచె పక్కన కుర్చీ, పూలకుండీ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ లాంటివేవీ పెట్టకూడదు. గేటుకి ఇటుకరాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచే అలవాటు మన ఇళ్ళల్లో ఎంత మామూలో మీకు తెలుసు. ఒక్క మధ్యాహ్నం ఆ ఇటుక పెడితే లక్ష రూపాయల కంచె ఉన్నా లేనట్టే.

నీళ్ళ మీద పరిచే పల్చటి నీలం బుడగల షీటుని చూసి ధైర్యం తెచ్చుకోకండి. పిల్ల దాని మీద అడుగు వేస్తే షీటు కిందికి జారిపోతుంది, పైనుంచి చూసేవాళ్ళకి ఏమీ కనబడదు. ఎవరైనా నీళ్ళలో పడితే మోగే అలారాలు ఉన్నాయి, పెట్టుకోవచ్చు, కానీ కంచెకి బదులుగా కాదు. పిల్లల చేతులకి తొడిగే గాలి రెక్కలు కూడా ఆటవస్తువులే. జారిపోతాయి, గాలి పోతుంది. అంతకంటే చెడ్డ పని ఏమిటంటే, నీళ్ళలో దిగితే తేలతాం అనే నమ్మకాన్ని పిల్లల బుర్రలో పెడతాయి. రెక్కలు లేని రోజు కూడా అదే నమ్మకంతో దిగుతారు.

ఖర్చు సంగతి. కాంట్రాక్టర్ చెప్పిన 12 లక్షలు కట్టడానికి మాత్రమే, నడపడానికి కాదు. మీ కొలతలకి పూల్ నిండటానికి సుమారు 22,600 లీటర్ల నీళ్ళు కావాలి, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర. ఎండాకాలంలో ఆవిరికే రోజుకి నూరు లీటర్లకి పైగా పోతుంది. ఒక హార్స్‌పవర్ ఫిల్టర్ మోటారు రోజుకి ఎనిమిది గంటలు తిరిగితే నెలకి 180 యూనిట్లు, మీ ఏసీ బిల్లుకి అదనంగా. మోటారు తిరక్కపోతే నాలుగు రోజుల్లో నీళ్ళు పచ్చబడతాయి, వారం పది రోజుల్లో దోమలు పుట్టుకొస్తాయి. నీళ్ళలో క్లోరిన్ పదిలక్షల భాగాలకి ఒకటి నుంచి మూడు భాగాలు, పీహెచ్ (నీళ్ళలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండేలా తరచూ పరీక్ష చేస్తూ ఉండాలి. మన ఎండకి క్లోరిన్ ఇట్టే ఎగిరిపోతుంది. ఈ పరీక్ష ఎవరు చేస్తారు? 'నేను చేస్తాను' అని మీవారు అంటారు, మొదటి నెల చేస్తారు కూడా. ఆ తర్వాత అది చాలా ఇళ్ళల్లో తువ్వాళ్ళు ఆరేసుకునే ట్రెడ్‌మిల్ లాగా అయిపోతుంది.

ఆ క్లోరిన్ పొడి, పీహెచ్ తగ్గించే యాసిడ్ ఇంట్లో ఉండాలి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. పనమ్మాయి తెలియక రెండింటికీ ఒకే మగ్గు వాడినా ముప్పే. పిల్లలున్న ఇంట్లో తాళం వేసే అల్మారా ఒకటి దానికోసం కూడా కావాలన్నమాట, అదీ రెండు వేర్వేరు అరలతో.

నేల గురించి మీ కాంట్రాక్టర్ ఏమీ రాయలేదు. అది నాకు నచ్చలేదు. మీ వైపు వానాకాలంలో భూమిలో నీళ్ళు చాలా పైకి వస్తాయి. పూల్ నిండా నీళ్ళున్నంత కాలం ఆ బరువు కిందినుంచి వచ్చే ఒత్తిడిని ఆపుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కడుగుదామని ఖాళీ చేశారంటే కింది నీళ్ళు కాంక్రీటు తొట్టినే పైకి నెట్టేయగలవు, లేదా అడుగు పగులుతుంది. నల్లరేగడి అయితే ఎండకి నెర్రెలిచ్చి వానకి ఉబ్బుతుంది, దానికి తగ్గట్టు పునాది వేయాలి. సాయిల్ టెస్ట్ చేయించకుండా, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా పార కూడా తగలనివ్వకండి. ఖర్చు తగ్గుతుంది, డాబా మీద కట్టిస్తాను అని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోవద్దు. నాలుగడుగుల లోతు నీళ్ళు చదరపు మీటరుకి 1,200 కిలోలు. ఇళ్ళ ఫ్లోరు స్లాబులు మామూలుగా మోసేలా డిజైన్ చేసేది చదరపు మీటరుకి 200 కిలోలు, డాబాకి అంతకన్నా తక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో చాలా వీధులు నీళ్ళలో ఉన్నప్పుడు సంపు ఎక్కడుందో, కాలవ ఎక్కడుందో తెలియక జనం కర్రతో తడుముకుంటూ నడిచారు. పూల్ ఉన్న పెరట్లోకి మోకాల్లోతు వరద వస్తే గట్టు ఎక్కడో ఎవరికీ కనబడదు.

కరెంటు విషయం ఒక్క మాట. ఆ మోటారుకి, లైట్లకి 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా నీళ్ళలో కాలు పెట్టకూడదు.

మీ అత్తగారి గోల గురించి కూడా రాశారు కాబట్టి చెబుతున్నాను. ఆవిడ మాట మొరటుగా ఉండొచ్చు, విషయం మాత్రం సరైనదే. పైగా మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్తే పగలంతా ఆ నీళ్ళ పక్కన పిల్లలతో ఉండేది ఆవిడే. ఆవిడకి ఈత రాదనుకుంటాను. వచ్చినా మోకాళ్ళ నొప్పులతో ఎంత పరిగెత్తగలరు? కట్టాలా వద్దా అన్న మాటలో ఆవిడని అడ్డుపడే మనిషిలా చూడకండి. కాపలా కాయాల్సిన మనిషి ఆవిడే, ఓటు కూడా ఉండాలి.

అయితే ఒకటి ఆవిడ కూడా మర్చిపోయి ఉంటారు. గుంట మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. సంపు. ఇల్లు కట్టేటప్పుడు క్యూరింగ్ నీళ్ళ కోసం ముందు తవ్వేది దాన్నే. పూల్ గురించి వాదించుకుంటున్న ఇంట్లో సంపు మీద ఒక ప్లైవుడ్ ముక్క, దాని మీద రెండు ఇటుకలు ఉండే అవకాశం ఎంతో నాకు తెలుసు. పిల్లల్ని తీసుకుని పని చూడ్డానికి వెళ్తారు కదా, మేస్త్రీతో మాట్లాడుతుండగా పాప ఎక్కడుంటుంది? ట్యాంకర్ వచ్చిన రోజు మూత పక్కకి జరిపి పైపు వేస్తారు, నీళ్ళు నిండాక పైపు తీస్తారు, మూత మాత్రం మళ్ళీ వచ్చి వేద్దాంలే అని వదిలేస్తారు. పాత ఇళ్ళల్లో ఇనుప మూత అంచులు తుప్పు పట్టి కాలు పెడితే తిరగబడేలా ఉంటుంది. గట్టి మూత, దానికి తాళం, తాళంచెవి పైన మేకుకి. ఈ పని ఈ వారమే చేయించండి, 12 లక్షలు అక్కర్లేదు. బాత్రూంలో నింపి ఉంచే బకెట్లు, డ్రమ్ములు కూడా రాత్రికి ఖాళీ చేసో మూత పెట్టో పడుకోండి.

మరి ఎండాకాలం మాటేమిటి? ఈత నేర్పించండి. నాలుగేళ్ళు దాటిన పిల్లలందరికీ ఈత నేర్పాలని, ఏడాది దాటిన పిల్లలకి కూడా శిక్షణ వల్ల మునిగే ముప్పు కొంత తగ్గొచ్చని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. బాబుకి ఇదే సరైన వయసు. విజయవాడ గాంధీనగర్‌లో సర్ విజ్జీ మునిసిపల్ స్విమ్మింగ్ పూల్ ఉంది, ప్రైవేటువి కూడా ఉన్నాయి. వేసవి క్యాంపుల రద్దీ మొదలవకముందే ఒక సాయంత్రం ఊరికే వెళ్ళి గట్టు మీద అరగంట కూర్చోండి. ఒక్కో కోచ్ దగ్గర ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టండి. కోచ్ ఫోన్ చూస్తున్నాడా, నీళ్ళు చూస్తున్నాడా? ముందు వెల్లకిలా తేలడం, గోడ పట్టుకుని తనంతట తను బయటికి ఎక్కడం నేర్పిస్తున్నారా, లేక మొదటి రోజే తోసేసి నవ్వుతున్నారా? తోసేసే చోట చేర్చకండి, మీవారు 'మాకూ అలాగే నేర్పారు' అన్నా సరే. ఈత వచ్చిన పిల్లలైనా పెద్దవాళ్ళ కన్ను లేకుండా నీళ్ళలో ఉండకూడదు, అది వేరే సంగతి.

నాన్నకీ ఆ గంట పిల్లలతో దొరుకుతుంది. ఆయనకి కావాల్సింది అదే అయి ఉంటుందని నా అనుమానం. పూల్ ఎందుకు కావాలో ఆయన్ని మెల్లిగా అడిగి చూడండి, టైల్స్ రంగు మాట రాకపోవచ్చు.

పూల్ కట్టినా కట్టకపోయినా మీరు, మీవారు, అత్తగారు, పనమ్మాయి ఒక పూట కూర్చుని సీపీఆర్ (ఊపిరి, గుండె ఆగినవాళ్ళకి చేసే ప్రథమ చికిత్స) నేర్చుకోండి. నీళ్ళలోంచి తీసిన పిల్లని తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళల్లో ఇంకా చేస్తున్నారు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదడం, ఆ తర్వాత ఛాతీ నొక్కడం, ఈ లోపు ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యడం. నీళ్ళు మింగి లేచిన పిల్ల దగ్గుతున్నా, ఆయాసపడుతున్నా, మగతగా ఉన్నా, 'బానే ఉందిలే' అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చివరికి మీ ప్లాస్టిక్ పూల్. కొనండి, రెండడుగుల లోతుది కాదు, అడుగు లోపు ఉన్నది. పిల్లల మోకాళ్ళ దాకా నీళ్ళు పోస్తే చాలు, వాళ్ళకి కావాల్సింది చిందులు వేయడమే. వాళ్ళు అందులో ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషి చెయ్యి చాచితే అందేంత దూరంలో కూర్చోవాలి, ఫోన్ లోపల పెట్టి. పావుగంట మీరు, పావుగంట మీవారు, 'ఇప్పుడు నువ్వు చూడు' అని నోటితో చెప్పి మరీ మార్చుకోండి. ఆట అయిపోగానే నీళ్ళు మొక్కలకి పోసి, దాన్ని బోర్లించి పెట్టండి. రేపటికీ పనికొస్తాయని నీళ్ళు అలా ఉంచేస్తే మాత్రం, మళ్ళీ ఆ బుధవారం పదకొండు గంటల సంగతే.